నీ కరపత్రంలో కొట్టేయవలసిన వాక్యం

చిరంజీవి మేనకోడలికి మీ అత్తమ్మ ఆశీస్సులు.

వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో మునుగోడు నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడబోతున్నావని మీ తమ్ముడు ఫోనులో చెప్పాడు. కరపత్రం కూడా పంపించాడు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. సంతోషం ఎంతో, భయమూ అంతే. 1952లో ఆరుట్ల కమలాదేవి ఆలేరు నుంచి అసెంబ్లీకి వెళ్లింది. 1957లో, 1962లో మళ్లీ గెలిచింది. సాయుధ పోరాటంలో అడవుల వెంట తిరిగిన మనిషి ఆమె. ఆ నల్గొండ గడ్డ మీద పుట్టిన ఆడపిల్లవు నువ్వు. నిలబడవద్దని నేనెలా అంటాను? కానీ కరపత్రం మాత్రం ఇలా అచ్చుకు వెళ్లకూడదు.

ముందు కాగితాల సంగతి. రెవెన్యూ ఆఫీసులో పనిచేస్తూ నామినేషన్ల బల్ల దగ్గర కూర్చున్నదాన్ని కాబట్టి క్లుప్తంగా చెబుతాను, మిగతాది నీ వకీలు బుర్రకు వదిలేస్తాను. గుర్తింపు పొందిన పార్టీ లేదు కాబట్టి నిన్ను పదిమంది ప్రతిపాదించాలి, ఆ పదిమందీ ఇదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. డిపాజిట్ పదివేలు. ఎన్నికల ఖర్చు కోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, నామినేషన్‌కు ముందురోజుకే తెరిచి ఉండాలి. ఆస్తులు, అప్పులు, కేసులు చెప్పే ఫారం 26 అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీగా వదలవద్దు. లేనిచోట ‘లేదు’ అని రాయి. ఖాళీ గడుల వల్ల నామినేషన్ పోగొట్టుకోవచ్చు. నామినేషన్ ఇచ్చాక ప్రమాణం చేయడం మరచిపోకు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చుల లెక్క అప్పగించు. ఓడిపోయినా సరే అప్పగించాలి. లెక్క ఇవ్వనివాళ్లను మూడేళ్లు పోటీకి అనర్హులుగా ప్రకటించవచ్చు.

ఇంకొకటి. 1996 పార్లమెంటు ఎన్నికల్లో మన నల్గొండలో 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. వాళ్లలో చాలామంది గెలుస్తామని నిలబడలేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మా ఎముకలు వంగిపోతున్నాయి, కృష్ణా నీళ్లు ఇవ్వండి అని దేశానికి వినిపించడానికి నిలబడ్డారు. వినిపించారు కూడా. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి పదివేలకు పెరిగింది. నువ్వు గెలవడానికి నిలబడుతున్నావా, వినిపించడానికా? రెండూ గౌరవమైన పనులే, కానీ ఖర్చు వేరు, కరపత్రం వేరు, ఇంటింటికీ తిరిగేటప్పుడు మాట్లాడే తీరు వేరు. ముందు అది తేల్చుకో.

ఇప్పుడు అసలు సంగతి. కరపత్రంలో నీ పేరు కిందే పెద్ద అక్షరాలతో ‘ఊరికి నీళ్లు తెచ్చిన సర్పంచ్ కూతురు’ అని వేయించావు. ఆ వాక్యం కొట్టేయి తల్లీ. మీ నాన్న బతికి ఉంటే తన చేత్తో తనే కొట్టేసేవాడు.

నీకప్పుడు మూడేళ్లు. మీ నాన్న, అదే మా తమ్ముడు, సర్పంచ్‌గా గెలిచిన కొత్త. ఓట్లు అడిగేటప్పుడు ‘ఏడాదిలో ప్రతి వాడకూ నీళ్లు’ అని మాట ఇచ్చాడు. ఆ మాటకు ఒక గడువు పెట్టుకున్నాడు చూడు, అదే అతణ్ణి తరిమింది. ఏడాది దగ్గరపడేసరికి అప్పు తెచ్చి బడి పక్కన బోరు వేయించాడు. పైన నీళ్లు పడకపోతే ఇంకా లోతుకు వెళ్లమన్నాడు. నీళ్లు ఎగదన్నాయి. ఆడవాళ్లు పసుపు కుంకుమ చల్లారు, కొబ్బరికాయలు కొట్టారు, బిందెలతో వరుస కట్టారు. నీటి నమూనా పరీక్షకు పంపాలని ఒకరిద్దరు అన్నారు. ‘పంపుదాం, ముందు జనాన్ని తాగనివ్వండి’ అన్నాడు. ఆ నీళ్లు చూడటానికి తేటగా ఉన్నాయి, తాగితే కమ్మగా ఉన్నాయి. ఫ్లోరైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. మన నేల కింది రాయిలోనే అది ఉంది. నీరు ఆ రాళ్ల సందుల్లో ఎంతకాలం నిలిస్తే అంత ఎక్కువగా కరిగి నీటిలో చేరుతుంది. లోతుకు పోయినకొద్దీ నీరు మంచిదవుతుందని ఊరంతా నమ్మే రోజులవి.

పరీక్ష ఆలస్యంగా జరిగింది. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు, ఆ బోరులో దానికి ఎన్నో రెట్లు ఉంది. పంపుకు ఎర్రరంగు పూసి వెళ్లారు. అప్పటికే బడిపిల్లలు ఆ నీళ్లకు అలవాటు పడ్డారు. ఎర్రరంగు పూసినా తాగడం ఆగలేదు, ఎందుకంటే వేరే నీళ్లు లేవు. మా తమ్ముడు పటిక, సున్నం తెచ్చి రోజూ పొద్దున్నే బడిలో బకెట్లలో కలిపేవాడు. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ కనిపెట్టిన ఆ పద్ధతికి మన జిల్లా పేరే ఉంది, నల్గొండ టెక్నిక్ అంటారు. కలపాలి, తేరుకోనివ్వాలి, పైనీళ్లు వంచుకోవాలి. ఓపిక ఉన్నన్నాళ్లు సాగింది. రుచి బాగాలేదని జనం మానేశారు, అతను మాత్రం చాలాకాలం మానలేదు. తర్వాతి ఎన్నికల్లో మళ్లీ నిలబడమని ఊరు అడిగితే, మళ్లీ మాట ఇచ్చే ధైర్యం లేదన్నాడు.

నీ పై పళ్ల మీద గోధుమరంగు మచ్చలు ఆ బోరువే. పళ్లు తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగావు కాబట్టి అవి పోవు. కరపత్రం మీది ఫొటోలో ఆ మచ్చలు లేవు. ఎవరు చెరిపారు? నువ్వే చెరపమన్నావా? కోపమొచ్చింది, కాసేపటికి ఏడుపొచ్చింది. పెళ్లిచూపుల్లో నువ్వు నోరు మూసుకుని నవ్వినప్పుడు పక్కన కూర్చున్నదాన్ని నేనే. ఆ సిగ్గు నీది కాదని అప్పుడూ చెప్పాను. ఆ మచ్చలతోనే ఫొటో వేయించు. నీ నేపథ్యం అని రాసుకోవలసింది అదే: ‘పరీక్ష చేయించని బోరునీళ్లు తాగి పెరిగాను, మా నాన్నే వేయించాడు’ అని. మీ నాన్న పేరుకు మచ్చ వస్తుందని భయపడకు. బకెట్లు కలిపిన సంగతి కూడా రాయి, అదీ నిజమే కదా. పేరు మోసినంత మాత్రాన ఈ జనం ఓటు వేయరు. 1989లో పక్కనున్న కల్వకుర్తిలో ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్టీ రామారావే ఓడిపోయారు.

ఇక నీ హామీలు. చాలా ఎక్కువ రాశావు. ‘ఏడాదిలో ఎస్సెల్బీసీ సొరంగం పూర్తి’ అన్న చోట నా గుండె ఆగినంత పనైంది. మళ్లీ ఏడాదేనా? శ్రీశైలం నుంచి మన జిల్లాకు కృష్ణా నీళ్లు తేవడానికి తవ్వుతున్న దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం అది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర పైకప్పు కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకుపోయారు. దానికి గడువు చెప్పడం ఒక ఎమ్మెల్యే చేతిలో ఉన్న పని కాదు. 119 మంది సభలో నువ్వొకదానివి. ప్రశ్న వేయగలవు, మంత్రి చేత సమాధానం చెప్పించగలవు, జవాబు తప్పైతే కాగితం పట్టుకుని మళ్లీ లేవగలవు. ‘ప్రతి సమావేశంలో ఆ సొరంగం గురించి అడుగుతాను’ అని రాయి. అది నువ్వు నిలబెట్టుకోగల మాట.

నన్ను అడిగితే అన్నిటికంటే ముందు నీటి పరీక్ష. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ కట్టి మొదలుపెట్టిన మిషన్ భగీరథ వల్ల కృష్ణా నీళ్లు మన ఇళ్లకు వచ్చాయి, అది కాదనలేం. కానీ పైపు పగిలిన రోజున జనం మళ్లీ పాత బోరు దగ్గరికే పోతారు. ప్రతి ఊళ్లో ప్రతి బోరునూ ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేయించి, ఫలితం పంచాయతీ గోడ మీద రాయించాలని పట్టుబట్టు. ఇప్పటికే నడుము వంగినవాళ్లకు, మోకాళ్లు మడతపడక మంచం పట్టినవాళ్లకు కొత్త నీళ్లు వైద్యం చేయవు. వాళ్ల లెక్క, వాళ్ల మందులు, వాళ్ల పింఛను నీ కరపత్రంలో ఎక్కడా కనిపించలేదు. ఇది నాకు నచ్చలేదు.

డిండి ఎత్తిపోతల కింద చర్లగూడెం, కిష్టరాయినిపల్లి రిజర్వాయర్లకు భూములిచ్చినవాళ్ల పరిహారం, పునరావాసం గురించి నువ్వు రాసింది బాగుంది. 2013 భూసేకరణ చట్టం నీకు తెలిసినంతగా ఇక్కడ తిరిగే నాయకులకు తెలియదు. పట్టాదారు పాసుపుస్తకాల కేసులు నడిపిన అనుభవం గురించి ఒక్క వాక్యమే రాసి వదిలేశావు, దాన్ని పెంచు. మిగతా హామీలు తీసేయి.

డబ్బు మాట చెప్పకుండా ఉత్తరం ముగించలేను. చట్టం ప్రకారం అభ్యర్థి 40 లక్షల వరకు ఖర్చు పెట్టవచ్చు. అంత పెట్టి తీరాలని కాదు. 2022 ఉప ఎన్నికలో మన ఊళ్లలో డబ్బు పారిన తీరు గురించి పత్రికలన్నీ రాశాయి, దానితో పోటీపడాలనుకుంటే ఇప్పుడే మానుకో. ఆ బోరు అప్పు తీరడానికి మీ నాన్న రెండెకరాలు అమ్మాడు. మిగిలిన భూమి జోలికి, మీ అమ్మ మెడలో బంగారం జోలికి పోనని నాకు మాట ఇవ్వాలి. చందాలు తీసుకో, ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వు. ఖర్చుల పుస్తకం నేను రాస్తాను.

కరపత్రం తిరగరాసి, అఫిడవిట్ చిత్తుప్రతి తీసుకుని వచ్చే ఆదివారం ఇంటికి రా. గడి గడికీ కూర్చుని చూద్దాం. నా ఓటు ఇంకా మర్రిగూడ మండలంలోనే ఉంది, ప్రతిపాదించే పదిమందిలో మొదటి సంతకం నాది.

మీ అత్తమ్మ