బీపీ అదుపులోనే ఉంది, ట్రావెల్ ఇన్సూరెన్స్ ఫారంలో చెప్పాలా?

చెప్పాలి. మాత్ర వేసుకుంటేనే అదుపులో ఉందంటే, బీమా కంపెనీ లెక్కలో ఆ జబ్బు ఉన్నట్టే. షుగర్, థైరాయిడ్, ఎప్పుడో వేసిన స్టెంట్ కూడా అంతే. చాలామంది మర్చిపోయేది ఇంకోటి ఉంది: జబ్బు పేరు ఇంకా తేలకపోయినా, డాక్టర్ రాసిన టెస్టుల రిపోర్టులు రావాల్సి ఉంటే, ఫారంలో ఆ ప్రశ్న ఉన్నప్పుడు అదీ చెప్పాల్సిందే.

దాచినా దాగదు. పరాయి దేశంలో ఛాతీ నొప్పితో ఎమర్జెన్సీకి వెళ్తే నర్సు మొదట అడిగే వాటిలో ఒకటి, "రోజూ ఏం మందులు వాడతారు?" ఆ ప్రాణభయంలో నిజమే చెప్తాం, చెప్పాలి కూడా. అది కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది. క్లెయిమ్ పరిశీలనలో కంపెనీ అడిగేది ఆ కాగితాలే. ఫారంలో "లేదు" అని, కేస్ షీట్‌లో "ఐదేళ్లుగా బీపీ" అని ఉంటే క్లెయిమ్ తిరస్కరించవచ్చు, పాలసీనే రద్దు చేయవచ్చు. అప్పుడు బిల్లంతా మన నెత్తినే.

అయితే చెప్పినంత మాత్రాన కవర్ అయినట్టు కాదు. ప్రీమియం పెంచవచ్చు, ఆ జబ్బును మినహాయించవచ్చు, ప్రాణాపాయం ఉంటేనే ఇస్తామనవచ్చు. ఏది ఒప్పుకున్నారో పాలసీ కాగితంలో చూసుకోండి. ఏజెంట్ "అవన్నీ రాయక్కర్లేదండీ" అంటే దయచేసి వినకండి. సంతకం మీది.

పాలసీ కొన్నాక, బయల్దేరేలోపు డాక్టర్ మందు మార్చినా కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి.