ప్లాస్టరింగ్ ముందా, సర్వీసు పైపు ముందా?

ప్రశ్న: సొంతంగా ఇల్లు కట్టుకుంటున్నాం. బయటి ప్లాస్టరింగ్ అయ్యాక కరెంటు సర్వీసు పైపు (స్తంభం నుంచి వచ్చే వైరును ఇంటికి తెచ్చే గొట్టం), మీటరు పెట్టె బిగించుకోవచ్చా?

జవాబు: వద్దండి, రెండూ ముందే బిగించండి. ప్లాస్టరింగ్ ఎండాక గోడ తొలిస్తే చుట్టూ సన్నటి పగుళ్లు వస్తాయి, వాననీరు అక్కడినుంచే దిగుతుంది. గోడలోంచి వెళ్లే పైపు బయటివైపు కొద్దిగా వాలి ఉండాలి. సర్వీసు పైపు పైకొన గొడుగు పిడిలా కిందికి వంగాలి. వైరు పైపులోకి వెళ్లేచోట కిందికి ఒక వంపు వదలండి. నీటిబొట్టు ఆ వంపు అడుగున ఆగి రాలిపోతుంది. వంపు లేకపోతే వైరు వెంబడే జారి మీటరులోకి చేరి టెర్మినళ్లను (వైర్లు బిగించే చోట్లను) పాడుచేస్తుంది. పెట్టెకు పైన, పక్కల సీలెంట్ (సందులు మూసే పేస్టు) పట్టించి అడుగున మాత్రం వదిలేయండి, లోపలి తేమ బయటికి పోవాలిగా! రంగుకు తొందరపడకండి. సిమెంటు పూతను 28 రోజులు ఆరనివ్వండి.