డాక్టర్ సలహా: ఆ నిద్రమాత్ర ఎవరికి రాసింది?

ప్రశ్న: నా వయసు 18. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లెటూరు. హైదరాబాద్ శివార్లలోని కాలేజీలో బీటెక్ ఫస్టియర్‌లో చేరి మూడు నెలలైంది. హాస్టల్లో ఉంటున్నాను. ఇల్లు గుర్తొచ్చి రాత్రి రెండయినా నిద్ర పట్టేది కాదు. రూమ్‌మేట్ వాళ్ల నాన్నగారు వేసుకునే అల్‌ప్రజోలం 0.5 మాత్ర ఇచ్చింది, నెల రోజులుగా రోజూ వేసుకుంటున్నాను. నిద్ర పడుతోంది కానీ క్లాసులో చెప్పింది బుర్రకెక్కడం లేదు. తలనొప్పికి కూడా రోజూ మాత్ర వేసుకుంటాను. 52 కిలోలు ఉండేదాన్ని 46కి వచ్చాను. గుండె దడగా ఉంటోంది, రెండు నెలలుగా పీరియడ్స్ రాలేదు. జ్ఞాపకశక్తికి మంచి మాత్ర చెప్పండి. ఈ ఏడాది చదువు మానేసి ఇంటికి వెళ్లిపోవడం మంచిదా?
– ఒక విద్యార్థిని

జవాబు: మా అమ్మాయి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నానమ్మా. జ్ఞాపకశక్తి మాత్ర గురించి అడిగావు, అలాంటిది నేనేమీ రాయను. నీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టినవి రెండు. ఒకటి నువ్వు వేసుకుంటున్న నిద్రమాత్ర, రెండోది తగ్గిన ఆరు కిలోలు.

ముందు మాత్ర సంగతి. అల్‌ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు. స్ట్రిప్ తిప్పి చూడు, ఎర్ర అక్షరాల్లో గుర్తు, చుట్టూ ఎర్ర గీతలతో హెచ్చరిక ఉంటుంది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, చీటీ ఉన్నా షాపువాళ్లు రోగి పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్లో రాసుకోవాలి. ఇంత కట్టడి ఎందుకంటే కొద్ది వారాల్లోనే ఒంటికి అలవాటైపోతుంది, మొదట్లో పనిచేసిన మోతాదు తర్వాత సరిపోదు, ఇంకో సగం కావాలనిపిస్తుంది. రూమ్‌మేట్ నాన్నగారికి ఆయన వయసు, ఆయన జబ్బు చూసి ఎవరో రాశారు. నిన్ను ఎవరు చూశారు? పైగా ఈ మాత్ర కొత్త విషయాలు గుర్తుండటాన్ని దెబ్బతీస్తుంది, మర్నాటి దాకా మత్తు ఉంచుతుంది. క్లాసు బుర్రకెక్కకపోవడానికి ఇదే కారణం కావచ్చు.

ఇది చదివి ఈ రాత్రే మానేయకు. నెల రోజులు రోజూ వేసుకున్నదాన్ని ఒక్కసారిగా ఆపితే వణుకు, విపరీతమైన ఆందోళన, ఉన్న నిద్ర కూడా పోవడం, కొందరికి ఫిట్స్ రావడం కూడా జరుగుతుంది. ఎన్ని రోజుల్లో ఎంతెంత తగ్గించాలో నిన్ను చూసిన డాక్టరే చెప్పాలి, అందుకే ఇక్కడ లెక్క రాయడం లేదు. ఈ వారంలోనే వెళ్లు. ఈలోగా మోతాదు పెంచకు. కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌ గానీ, ఆల్కహాల్ గానీ దీనితో కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది, జాగ్రత్త. హాస్టళ్లలో పిల్లలు మాత్రల్ని చాక్లెట్లు పంచుకున్నట్టు పంచుకుంటున్నారు. ఒకరి యాంటీబయాటిక్ ఇంకొకరు, ఒకరి నిద్రమాత్ర ఇంకొకరు. ఇచ్చే అమ్మాయి మంచి మనసుతోనే ఇస్తుంది, కానీ నీకు ఇంకే జబ్బు ఉందో, ఏ మందు పడదో తనకేం తెలుసు?

తలనొప్పి మాత్ర కూడా అంతే. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులకు మించి అలవాటైతే ఆ మాత్రల వల్లే తలనొప్పి రావచ్చు. పేరు రాయలేదు నువ్వు. ఖాళీ కడుపుతో వేసుకుంటున్నావేమో అని కూడా అనుమానం.

ఇక బరువు. మూడు నెలల్లో ఆరు కిలోలు అంటే ఉన్నదాంట్లో 11 శాతం పైనే. కావాలని తగ్గకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలో 5 శాతం దాటితేనే మేం వెతకడం మొదలుపెడతాం. ఇంటి మీద బెంగ, మెస్ తిండి పడకపోవడం వల్ల కావచ్చు, కాదనను. కానీ దడ, పీరియడ్స్ ఆగడం కూడా ఉన్నాయి కాబట్టి థైరాయిడ్, రక్తహీనత, షుగర్ చూడకుండా బెంగ అని తేల్చేయకూడదు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం ఉంటే టీబీ పరీక్ష కూడా చేయించుకోవాలి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. గర్భం పరీక్ష చేద్దామని డాక్టర్ అంటే బాధపడకు, పీరియడ్స్ ఆగిన ఎవరికైనా అది మామూలుగా చేసేదే. హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలో, అంటే వీధుల్లో ఉండే చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో, రక్త పరీక్షలకు డబ్బు తీసుకోరు, కాబట్టి ఖర్చని వాయిదా వేయకు.

ఇంటర్ దాకా, అదీ రెసిడెన్షియల్ కాలేజీలో చదివి ఉంటే, తెల్లారి లేపడం దగ్గర నుంచి రాత్రి లైట్లు ఆపడం దాకా అంతా వార్డెనే చూసుకునేవారు. బీటెక్‌లో అడిగేవాళ్లు ఉండరు. రెండింటిదాకా ఫోన్, ఎనిమిదిన్నరకు లేవడం, అప్పటికి టిఫిన్ అయిపోయిందని టీ తాగి క్లాసుకు పరుగెత్తడం, మా దగ్గరికి వచ్చే ఫస్టియర్ పిల్లల్లో చాలామంది చెప్పేది ఇదే. కాబట్టి ఎంత ఆలస్యంగా పడుకున్నా లేచే టైమ్ మాత్రం మార్చకు. టీ, కాఫీ సాయంత్రం నాలుగు తర్వాత వద్దు, ఎనర్జీ డ్రింకులు అసలే వద్దు. టిఫిన్ అందని రోజుకి రూమ్‌లో వేరుశనగ ఉండలు, అరటిపళ్లు పెట్టుకో. మందు తగ్గించే రోజుల్లో నిద్ర కొంత చెడుతుంది, అప్పుడు మళ్లీ మాత్ర వైపు చూడకు, డాక్టర్‌కు ఫోన్ చెయ్యి.

చదువు మానేయాలా అంటావా, ఇప్పుడు తేల్చుకోకు. రిపోర్టులు వచ్చి, ఆ మాత్ర తగ్గాక ఆలోచించు. డాక్టర్ అవసరమంటే కొన్ని రోజులు ఇంటికి వెళ్లిరా. వైద్య కారణాలతో హాజరు తగ్గితే కొంతవరకు మినహాయింపు ఇచ్చే పద్ధతి చాలా యూనివర్సిటీల్లో ఉంది, చికిత్స కాగితాలు దాచుకో. సీనియర్లు ఎవరైనా వేధిస్తుంటే అది బెంగ కాదు, యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522కి చెప్పు. బతకాలని లేదు అనిపిస్తే మాత్రం రిపోర్టుల కోసం కూడా ఆగొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి వెంటనే ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు. లేదా పక్కన ఎవరినైనా తోడు తీసుకుని క్యాజువాల్టీకి వెళ్లు.

ఇదంతా ఇంట్లో తెలుసో లేదో నువ్వు రాయలేదు. అమ్మ టెన్షన్ పడుతుందని దాచి ఉంటే ఈరోజే చెప్పు, అవసరమైతే వచ్చి నీ పక్కన కూర్చుంటుంది. చూడకుండా ఇంతకు మించి చెప్పలేను, ఇది పరీక్షకు బదులు కాదు. వెళ్లేటప్పుడు నిద్రమాత్ర స్ట్రిప్, తలనొప్పి మాత్ర స్ట్రిప్ రెండూ తీసుకెళ్లు, చివరి పీరియడ్ తేదీ రాసుకుని వెళ్లు.