వరుస గాయాలు: ఒకదానికొకటి సంబంధం ఉంటుందా?

మీ అబ్బాయి ఫుట్‌బాల్ ఆడతాడని, ఏడాదిన్నరలో కుడి చీలమండ బెణికిందని, తర్వాత ఎడమ మోకాలు నొప్పి పెట్టిందని, ఇప్పుడు కుడి హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) పట్టేసిందని రాశారు. ఇవన్నీ కాకతాళీయమా అని అడిగారు. నాకైతే సంబంధం ఉండే అవకాశమే ఎక్కువనిపిస్తోంది. ఎందుకంటే దాదాపు ఇదే వరుస నేనూ అనుభవించాను.

నేను 400 మీటర్లు పరిగెత్తేవాణ్ణి. నాకూ మొదట బెణికింది కుడి చీలమండే. మూడు వారాలకు వాపు తగ్గి నొప్పి పోగానే మళ్లీ ట్రాక్ ఎక్కేశాను. నాలుగు నెలలకు ఎడమ పిక్క, అది తగ్గిందో లేదో కుడి హ్యామ్‌స్ట్రింగ్. ప్రతిసారీ నొప్పి ఉన్న చోటే చూపించుకున్నాను, ఆ చోటికే వైద్యం జరిగింది. టైమ్ బాగోలేదని ఇంట్లో అన్నారు, నేనూ అదే అనుకున్నాను.

చివరికి ఒక ఫిజియో నన్ను గోడ ముందు నిలబెట్టి, మడమ నేల మీంచి లేవకుండా మోకాలితో గోడను తాకమన్నారు. ఎడమ కాలి బొటనవేలు గోడకు 11 సెంటీమీటర్ల దూరంలో ఉన్నా మోకాలు తగిలింది. కుడి వైపు 6 దాటితే మడమ లేచిపోతోంది. తర్వాత ఒంటికాలి మునివేళ్ల మీద లేవమన్నారు. ఎడమ కాలితో 25 సార్లు లేచాను, కుడి కాలు 14 దగ్గరే వణికి ఆగిపోయింది. నొప్పి పోయి ఏడాది దాటినా ఆ చీలమండ పూర్తిగా కోలుకోలేదని అప్పుడు తెలిసింది. ఎంత బాధేసిందో చెప్పలేను.

బెణికినప్పుడు దెబ్బ తినేది లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) ఒక్కటే కాదు. కీలు ఏ కోణంలో ఉందో మెదడుకు తెలియజేసే స్పందన కూడా మందగిస్తుంది. దాంతో మనకు తెలియకుండానే బరువు రెండో కాలి మీదికి మళ్లుతుంది. పైగా విశ్రాంతి రోజుల్లో కండరాల బలం తగ్గుతుంది. తిరిగొచ్చాక మాత్రం పాత వేగంతోనే ఆడతాం. టెన్నిస్ ఆటగాడు రఫెల్ నాదల్ సంగతే చూడండి. 2005లో ఎడమ పాదంలో ఎముక సమస్య బయటపడి, బూట్ల లోపలి అట్టలు మార్పించుకుంటే, ఆ భారం మోకాళ్ల మీద పడింది. ఇక హ్యామ్‌స్ట్రింగ్ విషయంలోనైతే, ఒకసారి గాయమైనవాళ్లకు మళ్లీ అయ్యే ప్రమాదం ఎక్కువ.

అయితే అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. ఆ రోజుల్లోనే నా మణికట్టు విరిగింది. పక్క కుర్రాడు అడ్డం వస్తే గుద్దుకుని పడ్డాను. అది అచ్చంగా ప్రమాదమే, చీలమండకూ దానికీ సంబంధం లేదు. అందుకే ఎవరైనా తగిలితే అయిన గాయమా, తనంతట తాను పరిగెత్తుతుంటే అయిందా అని అబ్బాయిని అడగండి.

ఒక కాగితం మీద మూడు గాయాల తేదీలు రాసి, ఒక్కోదానికి ముందు నెల రోజుల్లో ఏం జరిగిందో పక్కనే రాయండి. వరుస మ్యాచ్‌లా, కొత్త బూట్లా, జ్వరమా, పరీక్షలకు నిద్ర లేకపోవడమా, తిండి తగ్గించడమా. ఒక్కోసారి ఒక గాయం వల్ల ఇంకో గాయం వచ్చి ఉండదు, వాటన్నిటికీ మూలం ఇలాంటి ఒక్క కారణమే అయి ఉంటుంది. ఆ కాగితం తీసుకుని స్పోర్ట్స్ డాక్టర్ దగ్గరికో ఫిజియో దగ్గరికో వెళ్లి, నొప్పి ఉన్న కాలు ఒక్కటే కాకుండా రెండు కాళ్లనూ నడుము నుంచి పాదం దాకా పోల్చి చూడమని అడగండి. నడుము దగ్గర నరం నొక్కుకున్నా నొప్పి తొడ వెనక తెలుస్తుంది కాబట్టి నడుమును వదిలేయనివ్వకండి. మోకాలు వాస్తున్నా, మధ్యలో బిగుసుకుపోతున్నా, ఎముక మీద ఒకే చోట నొక్కితే నొప్పి వస్తున్నా ఆలస్యం చేయొద్దు.

మునివేళ్ల పరీక్ష హ్యామ్‌స్ట్రింగ్ తగ్గాక ఫిజియో దగ్గరే చేయించండి. గోడ పరీక్ష మాత్రం నొప్పి లేకపోతే ఇంట్లోనే మెల్లగా చేయించి, రెండు వైపులా ఎన్ని సెంటీమీటర్లు వచ్చాయో ఇక్కడ రాయండి, నాకు తెలిసినంతలో చెబుతాను.