సమాధానం: బొమ్మలు మీరు వేయించనక్కరలేదు

నమస్కారమండీ. ఐదేళ్ల పిల్లల కోసం మీరు రాసిన కథను పొడవెక్కువైందని ప్రచురణకర్తలు తిప్పి పంపారనీ, ఈసారి బొమ్మలు కూడా వేయించి పంపాలా అనీ అడిగారు. బొమ్మలకు డబ్బు ఖర్చు పెట్టకండి. చిత్రకారులను సాధారణంగా ప్రచురణకర్తలే ఎంచుకుంటారు. బొమ్మల పుస్తకం చాలావరకు 32 పేజీల్లోపే ముగుస్తుంది కనుక, మీరు ఉదాహరించిన "ఎర్ర గౌను తొడుక్కున్న చిట్టి తడి మెట్ల మీద దిగులుగా కూర్చుంది" అన్న వాక్యంలో గౌనునూ, తడినీ, దిగులునూ బొమ్మకు వదిలేస్తే "చిట్టి మెట్ల మీద కూర్చుంది" అన్నది మిగులుతుంది. అది చాలు. మిగిలినదానిని పైకి చదివి పిల్లలకు వినిపించండి; బెంగళూరులో మా అపార్ట్‌మెంటు పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ చదవలేరు, వారికి కథ చెవిలోంచే వెళ్లాలి. ఈ ఊరి పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు నాలుగు పఠన స్థాయిలుగా ఉచితంగా దొరుకుతాయి. మొదటి స్థాయివి పది తీసుకుని, పేజీకి ఎన్ని పదాలున్నాయో లెక్కపెట్టి చూడండి.