ఎంత కట్టినా తరగడం లేదనిపించే అప్పు

ప్రశ్న: మాది కావలి. ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తాను. నా జీతమూ, నా భార్య కుట్టుమిషను మీద సంపాదించేదీ కలిపి నెలకు 44,000 రూపాయలు వస్తాయి. ఇంటి ఖర్చులకు 26,500 అవుతుంది. బంధువు ఒకరితో కలిసి రొయ్యల గుంట లీజులో వాటా పెట్టాను. తెల్లమచ్చ వ్యాధి తగిలి పంట మొత్తం పోయింది. 14 నెలల కిందట అన్నీ కలిపి 5,10,000 బాకీ ఉండగా కసిగా తీర్చడం మొదలుపెట్టాను. ఇప్పుడు బ్యాంకు పర్సనల్ లోన్ 1,90,000, దానికి నెలకు ఈఎంఐ 7,400. క్రెడిట్ కార్డు మీద 62,000. మా మేనమామ దగ్గర ప్రామిసరీ నోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 1,50,000. ఆఫీసులో పక్క సీటాయన దగ్గర చేబదులు 16,000 ఉన్నాయి. నా భార్యకు పర్సనల్ లోన్ సంగతి ఒక్కటే తెలుసు. ఆమెకు నాలుగు సవర్ల గాజులున్నా వాటి జోలికి పోకూడదనుకున్నాను. ఎంత కట్టినా తరగడం లేదు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. పోయిన మొహర్రంకు నెల్లూరు రొట్టెల పండుగకు వెళ్లి, డబ్బు కోరుకునేవాళ్లు తీసుకునే ధనం రొట్టె కూడా పట్టుకున్నాను. మొదట్లో ఉన్న పట్టుదల మళ్లీ రావాలంటే ఏం చేయాలి? పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఈ సంగతి చెప్పాలా?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే నన్ను ఎక్కువసేపు ఆపింది రొట్టె మాట. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మోకాటిలోతు నీళ్లలో నిలబడి, ఊరూ పేరూ తెలియని మనుషుల మధ్య, నాకు ధనం రొట్టె కావాలని పైకి అడిగి తీసుకున్న మీరు, ఆ కొరత ఎంతో ఇంట్లో మనిషికి మాత్రం చెప్పలేదు. తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. అప్పులున్న ఇళ్లలో నూటికి తొంభై ఇలాగే ఉంటాయని నా అనుభవం. కానీ మీరు అడిగిన పట్టుదల ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు సగం సమాధానం అక్కడే ఉందని నా నమ్మకం. అప్పు కట్టడం ఒక పని, దాన్ని దాచడం ఇంకొక పని. మీరు 14 నెలలుగా రెండు పనులూ చేస్తూ, అలసట అంతా మొదటి దానివల్లే వస్తున్నదని అనుకుంటున్నారు.

మిగతా సగం లెక్కల్లో ఉంది. తరగడం లేదన్న మాట నిజం కాదు. మీరే ఇచ్చిన అంకెల ప్రకారం 5,10,000 ఉన్న బాకీ 4,18,000 అయింది, అంటే 92,000 తగ్గింది. ఇందులో పర్సనల్ లోన్ ఒక్కటే సుమారు 64,000 తగ్గి ఉంటుంది. ఒక స్నేహితుడికి ఇవ్వవలసిన 20,000 చేబదులు పూర్తిగా తీర్చేశానని ఉత్తరంలో మరోచోట మీరే రాశారు. అయినా తరగడం లేదని ఎందుకు అనిపిస్తున్నదంటే, మీ చేతి నుంచి పోయింది రెండు లక్షల పైచిలుకు, తగ్గింది అందులో సగానికన్నా తక్కువ. ముఖ్యంగా క్రెడిట్ కార్డు సంగతి చూడండి. 62,000 మీద నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 2,170, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 390, మొత్తం 2,560. మీరు కడుతున్న కనీస మొత్తం 3,100. అంటే ఆ నెలలో మీ బాకీ తగ్గేది 540 రూపాయలు. మేనమామ గారికి నెలనెలా ఇస్తున్న 3,000 మొత్తం వడ్డీకే సరిపోతున్నది. 14 నెలల్లో 42,000 ఇచ్చారు, అసలు అణా కూడా కదలలేదు. లెక్కలు చూడటమే వృత్తిగా ఉన్న మీకు ఇది తెలియక కాదు, ఇంటి అప్పును ఒక పుస్తకంలో ఎప్పుడూ రాసుకోకపోవడం వల్ల, కాబోలు.

కాబట్టి పట్టుదల గురించి మాట్లాడేముందు అప్పుల వరుస మార్చాలి. ఏ నెలలో ఎవరు గట్టిగా అడిగితే వాళ్లకు ఇస్తున్నానని రాశారు. ఆ పద్ధతిలో మనిషి తాను తీరుస్తున్నట్టు కాక, తననుంచి లాక్కుంటున్నట్టు భావిస్తాడు.

గాజుల జోలికి పోకూడదన్న మీ అభిమానాన్ని అర్థం చేసుకోగలను. అయితే బ్యాంకులో బంగారం తాకట్టు మీద ఏడాదికి పది శాతం దరిదాపు వడ్డీకి అప్పు దొరికేటప్పుడు, బీరువాలో బంగారం పెట్టుకొని కార్డుకు ఏడాదికి నలభై శాతం పైన కట్టడం ఖరీదైన అభిమానం. మీ శ్రీమతి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే, గాజుల్లో అవసరమైనన్ని మాత్రమే బ్యాంకులో పెట్టి 62,000 తెచ్చి కార్డు బాకీ ఒక్కసారిగా చెల్లించండి. నెలకు 2,560 పోతున్న చోట 520 మాత్రమే పోతుంది. ఆ రోజే కార్డును రద్దు చేయించి, బాకీ లేదన్న ఉత్తరం రాతపూర్వకంగా తీసుకోండి. బంగారం బ్యాంకులోనూ కార్డు జేబులోనూ ఉంటే ఏడాది తిరిగేసరికి రెండు అప్పులు అవుతాయి; అలాంటి ఇళ్లను ఒంగోలులోనూ నెల్లూరులోనూ చాలా చూశాను. గాజులు వద్దనుకుంటే, కార్డు బాకీని తక్కువ వడ్డీకి ఈఎంఐలుగా మార్చమని బ్యాంకును అడగండి. అంత లాభం ఉండదు గానీ ఇప్పటి దానికంటే మేలు.

ఇలా చేస్తే కార్డుకు పోతున్న 3,100, ఇంటి ఖర్చూ ఈఎంఐ, కార్డు, నోటు వడ్డీ పోగా మిగిలి ఇప్పుడు చెల్లాచెదురుగా పోతున్న 4,000 కలిసి నెలకు 7,100 మీ చేతిలో ఉంటుంది. ఇందులో 1,100 విడిగా ఒక ఖాతాలో వేయండి, దాన్ని ఏ అప్పుకూ ఇవ్వవద్దు. నాన్నగారి కంటి ఆపరేషనూ అమ్మాయి ఫీజూ వచ్చినప్పుడల్లా మీ ప్రణాళిక తలకిందులైందని రాశారు. ఇకముందు అలాంటివి వచ్చినా చేయి చాచకుండా ఉండటానికే ఆ సొమ్ము. మిగిలిన ఆరు వేలలో గాజుల వడ్డీ పోగా ఉన్నదంతా మొదటి మూడు నెలలు పక్క సీటాయనకు ఇవ్వండి.

వడ్డీ లేని అప్పును ముందు తీర్చమంటున్నాడేమిటని మీరు అనుకోవచ్చు. లెక్క ప్రకారం అది తప్పే. కానీ నోటు మీద అసలు తగ్గించడాన్ని మూడు నెలలు వాయిదా వేసినందువల్ల మీకు అదనంగా పడేది సుమారు తొమ్మిది వేల రూపాయల వడ్డీ. రోజుకు ఎనిమిది గంటలు ఒక మనిషి ముఖం చూడలేక తల వంచుకొని కూర్చోవడానికి ఆ తొమ్మిది వేల కంటే ఎక్కువే ఖర్చవుతున్నది. పైగా మూడు నెలల్లో ఒక పేరు పూర్తిగా కొట్టేయగలగడం మీకిప్పుడు చాలా అవసరం. ఆ తరువాత ఆ 5,480కి ఇప్పుడు ఇస్తున్న వడ్డీ 3,000 కూడా కలిపి నెలకు 8,480 చొప్పున మేనమామ గారి నోటు మీదికి మళ్లిస్తే 22 నెలల్లో అది తీరుతుంది. అప్పుడు గాజుల మీద పడితే ఏడెనిమిది నెలల్లో అవి ఇంటికి వస్తాయి. ఆ సరికి పర్సనల్ లోన్ కూడా ఈఎంఐలతో దానంతట అదే ముగింపుకు వస్తుంది. మొత్తం 33 నెలలు. ఇంట్లో జ్వరాలూ, బంధువుల పెళ్లిళ్లూ ఉంటాయి కనుక మూడేళ్లని అనుకోండి.

నోటు విషయంలో కొంచెం జాగ్రత్త చెప్పాలి. మన వైపు మేనమామ అంటే పెద్ద దిక్కు, ఆయనతో కాగితం మాట ఎత్తడం మర్యాద కాదని చాలామంది ఊరుకుంటారు. నిజానికి కాగితం సరిగా ఉంటేనే ఆ బంధుత్వం మిగులుతుంది. అసలు కొద్దికొద్దిగా తీసుకోవడానికి ఆయన ఒప్పుకోకపోతే, 25,000 చొప్పున కూడబెట్టి ఇస్తానని అడగండి. ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక తారీఖు వేసి, ఇంత సొమ్ము అసలు కింద చెల్లు అని అక్షరాల్లో రాసి, ఇద్దరూ సంతకం చేయండి. సొమ్ము ఫోన్‌పేలోనో బ్యాంకు ద్వారానో పంపితే ఇంకా మంచిది. నోటుకు మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది కనుక మీరు చెల్లు రాసి సంతకం చేసిన తేదీ నుంచి ఆ గడువు మళ్లీ మొదలవుతుంది. అందువల్ల చెల్లు రాయడం ఆయనకూ మేలే, ఆ మాట చెప్పి అడిగితే కాదనరు. నోటు తిరగరాయవలసి వస్తే వడ్డీని అసలులో కలపనివ్వవద్దు, పాతనోటు చేతికి రానిదే కొత్తదానిమీద సంతకం పెట్టవద్దు.

ఇక తోడు సంగతి. మీ శ్రీమతి డ్వాక్రా సంఘంలో ఉన్నారని రాశారు. మన జిల్లాకు ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. 1992లో దూబగుంటలో రాత్రిబడికి వచ్చి చదువు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్లింది. సారాకు పోకుండా ఆగిన డబ్బును ఏం చేయాలన్న ఆలోచనలోంచి, రోజుకొక రూపాయి దాచే పొదుపు సంఘాలు నెల్లూరు జిల్లాలో ఊరూరా వెలిశాయి. రోజుకు రూపాయి ఒంటరిగా ఇంట్లోనూ దాచుకోవచ్చు, కానీ ఒంటరిగా దాచినవాళ్లు తక్కువ. పదిమంది కూర్చున్నచోట పుస్తకం తెరిచి ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో చదివి వినిపించడమే ఆ సంఘాలను నిలబెట్టింది. ఈ విద్య మీ ఇంట్లోనే ఉంది, మీరు అడగలేదు అంతే. సంఘం నుంచి అప్పు తెచ్చి ఈ అప్పులు కట్టే ఆలోచన మాత్రం వద్దు. అక్కడ ఆమె ఒక కిస్తీ తప్పితే మిగతా సభ్యుల పరపతి కూడా పోతుంది.

ముందుగా ఆమెకు మొత్తం చెప్పండి, విడతలుగా కాదు. కార్డు సంగతి ఈ నెల, నోటు సంగతి వచ్చే నెల చెబితే ఇంకా ఏం మిగిలిందోనన్న అనుమానం మిగిలిపోతుంది. నాలుగు అప్పులూ నాలుగు వరుసల్లో రాసిన కాగితం ఆమె చేతిలో పెట్టి, కోపం వస్తే రానివ్వండి. ఒకటి రెండు వారాలు ఇల్లు బరువుగా ఉంటుంది. ఆ తరువాత నెలకొకసారి, జీతం పడ్డాక వచ్చే ఆదివారం, ఇద్దరూ కూర్చొని అరగంటలో పుస్తకం రాయండి. రాసేది మీరు, సంతకం చేసేది ఆమె. మిగతా రోజుల్లో అన్నం దగ్గర అప్పు మాట ఎత్తవద్దు.

ఇంట్లోవాళ్లు కాక బయట ఒక మనిషి కూడా ఉంటే మంచిది. అప్పిచ్చినవాడు కాకూడదు, మీకు అప్పు ఇవ్వగల స్తోమత ఉన్నవాడు కూడా కాకపోతే ఇంకా మేలు. నెలకొకసారి, ఈ నెల ఎంత కట్టావని అడగడమే అతని పని.

టంగుటూరు దగ్గర పొగాకు వేసే రైతు ఒకాయన కొన్నేళ్ల కిందట నా దగ్గరకు వచ్చేవారు. ఆయనకు మీలాగా నెలజీతం లేదు, వేలం జరిగే నెలల్లోనే డబ్బు కనబడుతుంది. బాకీని పదివేల చొప్పున లెక్కగట్టి, పొగాకు ఆరబెట్టే బ్యారన్ లోపలి గోడ మీద బొగ్గుతో 38 నిలువు గీతలు గీశారు. వేలం కేంద్రంలో పొగాకు బేళ్లు అమ్మిన డబ్బు ఖాతాలో పడి, అప్పుకు జమ చేసి వచ్చిన రోజు ఎన్ని పదివేలు తీరితే అన్ని గీతల మీద సున్నం పూసేవారు. నేను ఒకసారి చూడటానికి వెళ్లినప్పుడు ఎడమవైపు సగం గోడ తెల్లగా ఉంది. బ్యారన్ మండించే కూలీలకు కూడా ఆ గీతల సంగతి తెలుసు. ఈ ఏడాది ఎన్ని కొట్టేస్తున్నావు పెద్దాయనా అని అడిగేవారట. దాచుకోవలసిన సంగతిని అలా గోడకెక్కించారేమిటని నేనడిగితే ఆయన నవ్వి టీ ఇచ్చారు. మీరు గోడ మీద రాయనవసరం లేదు, పుస్తకం మొదటి పేజీలో 42 గళ్లు గీస్తే చాలు. మొదలుపెట్టిన రోజే 42 కాదు, 51 గీసి తొమ్మిది కొట్టేయండి. అవి మీరు తీర్చినవే.

నిద్ర సంగతి తేలికగా తీసుకోవద్దు. ఇంట్లో చెప్పిన తరువాత కూడా రాత్రిళ్లు అలాగే ఉంటే, లేదా బతుకు మీద విరక్తి కలిగే ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఎప్పుడైనా ఒక ఈఎంఐ తప్పి వసూలు ఏజెంట్లు ఫోన్ చేస్తే, ఉదయం 8కి ముందూ సాయంత్రం 7 తరువాతా వాళ్లు ఫోన్ చేయకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినా ఆగకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు.

అమ్మాయికి చెప్పమనే అంటాను, అయితే అంకెలు వద్దు, మేనమామ గారి పేరు వద్దు. రొయ్యల గుంటలో నష్టం వచ్చింది, మూడేళ్లలో తీర్చుకుంటాం, నీ ఇంటర్ చదువుకు ఇబ్బంది లేదు అని ఇద్దరూ కలిసి చెప్పండి. పదో తరగతి పిల్లకు ఇంట్లో ఏదో జరుగుతున్నదని ఇప్పటికే తెలుసు. పరీక్షలు దగ్గరపడి ఉంటే అవి అయ్యేదాకా ఆగండి. తరువాత గళ్లు కొట్టేసే పని కావాలంటే ఆమెకే ఇవ్వండి.