రెండడుగుల ట్యాంకులో ఏ చేపలు కలిసి ఉంటాయి?

ఆ జాబితా మాత్రం వద్దండి. మీ రెండడుగుల ట్యాంకుకి షాపులో రెండు గోల్డ్ ఫిష్, రెండు ఏంజెల్, ఆరు గప్పీలు, అద్దం శుభ్రం చెయ్యడానికి ఒక సక్కర్ ఇస్తామన్నారని రాశారు. శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో మా ట్యాంకు కూడా దాదాపు ఇవే చేపలతో మొదలైంది. "ఏటీ అవదండి, అన్నీ కలిసిపోతాయి" అని నాకూ చెప్పారు.

కొన్నాళ్ళు బాగానే ఉన్నాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా వైపే తీరం దాటింది. స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. ట్యాంకులోకి గాలి కొట్టే మోటారు ఆగిన కొన్ని గంటలకే చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. చెంబుతో ట్యాంకు నీళ్ళే తీసి పైనుంచి ధారగా పోస్తూ అమ్మా నేనూ వంతులు వేసుకున్నాం. రెండో రోజుకి గోల్డ్ ఫిష్ పోయాయి, వాటి వెనకే ఏంజెళ్ళు. చివరికి మిగిలింది వాటితోపాటు ఉన్న ఒక్క గౌరామి చేప. దానికి మొప్పలే కాకుండా తలలో గాలి పీల్చే అవయవం ఉంటుంది, పైకొచ్చి నేరుగా గాలి మింగుతుంది. ఆ గౌరామిని చూస్తూ కూర్చున్న రోజులు నాకింకా గుర్తే.

అందుకే కొట్టుకుంటాయా లేదా అన్నదొక్కటే చూడకండి. 24×12×12 అంగుళాల ట్యాంకు అంచుదాకా నింపితే 56 లీటర్లు. ఇసుక, రాళ్ళు, పైన వదిలే ఖాళీ పోతే 45 లీటర్లు మిగిలితే గొప్ప. ఆ నీళ్ళకి గోల్డ్ ఫిష్ చాలా బరువు: ఎక్కువ తింటుంది, ఎక్కువ మురికి చేస్తుంది, మిగతావాటికంటే చల్లని నీళ్ళు కోరుకుంటుంది, నోట్లో పట్టే చిన్న చేపని మింగేస్తుంది. ఏంజెల్ ఎదిగితే గప్పీ పిల్లల్ని వదలదు. సక్కర్ కొన్నప్పుడు వేలెడంతే, ఎదిగితే అడుగు దాటుతుంది. పెద్దదైందని దాన్ని చెరువులో మాత్రం వదలకండి, మన చెరువుల్లో అది ఇప్పటికే చేపల రైతులకి తలనొప్పి.

మీది బోరు నీళ్ళన్నారు, బకెట్లకి తెల్లటి పొర కడుతుందన్నారు. అంటే గట్టి నీళ్ళు. గప్పీ, ప్లాటీలకి అవి హాయి. నియాన్ టెట్రాలకి మెత్తటి నీళ్ళు కావాలి, మా బోరు నీళ్ళలో రెండుసార్లు తెచ్చినా నిలవలేదు.

నేనైతే ఆరు జీబ్రా డానియోలు, నాలుగు మగ గప్పీలు, ఒక హనీ గౌరామితో ఆపేస్తాను. జీబ్రా మన దేశపు చేపే, గుంపుగా ఉంటేనే హుషారు. ఒకటీ రెండూ తెస్తే పక్కవాటిని తరుముతుంది. గప్పీల్లో ఆడవి కూడా కలిపితే నెలనెలా పిల్లలే, ట్యాంకు చాలదు. టైగర్ బార్బ్ ఎంత ముద్దొచ్చినా వద్దు, గప్పీల తోకలు కొరికేస్తుంది. ఫైటర్ చేప నచ్చితే దానికి వేరే ట్యాంకు పెట్టండి.

అన్నీ ఒకేరోజు వెయ్యకండి. మురికిలోంచి వచ్చే అమ్మోనియాని మార్చే బాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ముందు మూడు జీబ్రాలు, రెండు వారాలకి మరో మూడు, ఆ తరవాత గప్పీలు, చివర్లో గౌరామి. ఈలోగా వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చండి, స్పాంజిని కుళాయి కింద కాకుండా ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే పిండండి.

బ్యాటరీతో నడిచే చిన్న గాలి మోటారు ఒకటి కొనిపెట్టుకోండి. కరెంటు పోయినంతసేపూ మేత వెయ్యకండి, రెండు మూడు రోజులు తినకపోయినా వాటికేం కాదు. ఫిల్టరు పూటంతా ఆగిపోతే స్పాంజి తీసి ట్యాంకు నీళ్ళతోనే కడిగాకే మళ్ళీ వెయ్యండి, లేదంటే లోపల కుళ్ళిన నీళ్ళు ఒక్కసారిగా ట్యాంకులోకి వచ్చేస్తాయి.